ఎరుపులో రాసిన అంకె

పిల్లలకివ్వాల్సిన విరుగుడు మందు మోతాదు పది రెట్లు ఎక్కువగా అచ్చయి, అత్యవసర విభాగం గోడమీద అందరికీ కనిపించేలా వేలాడుతోంది. మా ఆయన ఇంట్లో మరిచిపోయిన కళ్లజోడు ఇచ్చి నా లైబ్రరీకి వెళ్లిపోదామని వచ్చినదాన్ని, అక్కడే నిలబడిపోయాను.

ప్లాస్టిక్ తొడుగులో కార్డు తళతళలాడుతోంది. విషవాయువు లీకైతే మొదటి గంటలో ఏం చేయాలి, ఎవరిని ముందు చూడాలి, బట్టలు ఎక్కడ మార్పించాలి, ఏ మందు ఎంత. ప్రతి వాక్యం నాకు కంఠతా వచ్చు. రాసింది నేనే. ఆ అంకె కూడా నాదే. కానీ నేను రాసినప్పుడు అది ఎర్రగా ఉంది.

"సిస్టర్, ఇవెన్ని వేయించారు?" అని హెడ్ నర్సుని అడిగాను.

"ఆరువందలు, లైబ్రరీ మేడమ్. నలభై క్లినిక్కులకి పోతున్నాయి. పదకొండింటికి వ్యాన్." ఆవిడ సూదుల ట్రే సర్దుతూ నవ్వింది. "సార్ ఒంటిచేత్తో చేశారంట కదా. ఇంట్లో కూరగాయలు తరగడం ఎగ్గొట్టడానికే అయ్యుంటుంది."

గడియారం పది ఇరవై చూపిస్తోంది. కార్డు అడుగున రూపకల్పన అని ఉంది. దాని పక్కన ఒకటే పేరు. అది మా ఆయనది.

పదమూడేళ్లుగా ఈ ఆసుపత్రి లైబ్రరీ చూసుకుంటున్నాను. నాకొక నియమం ఉంది. ఒక అంకెను ఎవరి వ్యాసంలోనో చూసి రాసుకుంటే, అసలు పరిశోధన పత్రం తెప్పించి నా కళ్లతో సరిచూసేదాకా దాన్ని ఎర్ర అక్షరాల్లోనే ఉంచుతాను. సరిచూశాకే నలుపు చేస్తాను. ఒకరిని చూసి ఒకరు రాసుకుంటూ పోయే దారిలో దశాంశ బిందువు ఎక్కడో జారిపోతుంది, ఎవరూ వెనక్కి వెళ్లి వెతకరు. ఈ అంకె విషయంలో జరిగిందదే. అసలు పత్రం ముప్పై ఏళ్ల కిందటిది, కంప్యూటర్లో దొరకలేదు. మూడు లైబ్రరీలకు ఉత్తరాలు రాస్తే, ఒకచోట నుంచి నిన్న సాయంత్రం నకలు వచ్చింది. వెంటనే నా ఫైల్లో అంకె దిద్దాను. కార్డు మీదికెక్కింది మాత్రం అంతకుముందు ఇంటి కంప్యూటర్లో ఉంచిన చిత్తుప్రతి.

ఊరి చివర పురుగుమందుల ఫ్యాక్టరీ ఉంది. పోయిన ఏడాది అక్కడ చిన్న లీకేజీ అయినప్పుడు పదిహేడు మంది పిల్లల్ని ఇక్కడికే మోసుకొచ్చారు. మోతాదు తెలియక డాక్టర్లు ఫోన్లలో వెతుక్కున్నారు. ఆ తర్వాతే సూపరింటెండెంటు గారు, ఇలాంటి విపత్తుకి ముందే ఒక ప్రణాళిక సిద్ధం చేయమని అత్యవసర విభాగం హెడ్డయిన మా ఆయనకు చెప్పారు. ఆయన ఇంటికొచ్చి చెప్పులు విప్పుతూ, "కాస్త ఏమైనా దొరుకుతుందేమో చూసిపెట్టు" అన్నాడు. ఆ కాస్త నాలుగు నెలలయింది. లైబ్రరీలో వచ్చినవాళ్లకి పుస్తకాలిస్తూ, ఇంట్లో కుక్కర్ కూతలు లెక్కపెట్టుకుంటూ వెతికాను. వరదల్లో మునిగిన ఆసుపత్రుల నివేదికలు, అగ్నిమాపక అధికారుల సదస్సుల పత్రాలు, సగం దాకా చదివాక పనికిరావని తేలిన వ్యాసాలు. చాలా పత్రాలు రాసినవాళ్ల లెక్కలో విపత్తులో చిక్కుకునేది ఎప్పుడూ డెబ్బై కిలోల మగవాడే. పిల్లలకెంత, గర్భిణికెంత అని వెతికితే ఒక ఫుట్‌నోట్ దొరకడానికి వారం పట్టేది. వేళ్లు నొప్పి పుట్టి ఓసారి మణికట్టు రుద్దుకుంటుంటే మా అత్తగారు తమాషాగానే అన్నారు, "వాడు ప్రాణాలు పోస్తాడు, నువ్వు పుస్తకాల దుమ్ము దులుపుతావు. ఇద్దరికీ ఒకేలా అలసటెలా వస్తుందే అమ్మాయ్?" ఆయన నవ్వాడు. నేనూ నవ్వాను. నవ్వకపోతే ఆ పూటంతా ఎవరు భరించాలి.

చిత్తుప్రతి చూసిన రోజు కూడా ఆయన జోకే వేశాడు. "ఇదేంటి, పేజీకి తట్టు పోసినట్టుంది?" అన్నాడు. నేను గిన్నెలు కడుగుతూ ఎరుపంటే ఏమిటో చెప్పాను. ఆయన కళ్లు ఫోన్ మీదున్నాయి. విన్నాడో లేదో తెలియదు. మా ఇంట్లో నా మాటలు చాలావరకు అలాగే పోతాయి, కుళాయి శబ్దంలో కలిసి.

ఆయన గదిలోకి వెళ్లి కళ్లజోడు, దాని పక్కన నా సంచిలోని అసలు పత్రం, దాని పక్కన అట్టపెట్టెలోంచి తీసుకున్న ఒక కార్డు పెట్టాను. కళ్లజోడు తగిలించుకుని చదివాడు. లేచి తలుపు మూశాడు.

"మెల్లిగా మాట్లాడు" అన్నాడు.

"నేనింకా ఏం మాట్లాడలేదు."

"సరే, విను. వీటిని వెళ్లనీ. వారంలో కొత్త ముద్రణ అని చెప్పి సరైనవి పంపించేస్తా. ఎవరికీ అనుమానం రాదు."

"ఈ వారంలోనే లీకైతే?"

"నువ్వు మరీను. ఏడాదిగా కానిది ఈ వారమే అవుతుందా?"

"కాదని రాసివ్వండి, వెళ్లిపోతాను."

ఆయన ముఖం బిగుసుకుంది. "ఆ మాటకొస్తే తప్పు అంకె రాసింది నువ్వు. నేను ఎవరికైనా చెప్తున్నానా? ఆఖరి నిమిషంలో ఆపితే నా తల కొట్టేసినట్టవుతుంది. నీకేం పోయింది? నీ పేరు ఎక్కడా లేదుగా."

నా పేరు ఎక్కడా లేదు. నిజమే. పెళ్లయిన కొత్తలో ఆయన పరీక్షలకు నోట్సు రాసిపెట్టినప్పటి నుంచి, ఆయన సదస్సుల్లో చదివిన ప్రసంగాల దాకా, నేను లేనిచోటల్లా నా పనుంది. పోనీలే, ఇంట్లో మనిషేగా అనుకునేదాన్ని. అలా అనుకోవడం అలవాటైతే మనసుకి ఎక్కడా గుచ్చుకోదు. ఇప్పుడు ఆయన అదే మాటని ఉపకారంలా చెబుతున్నాడు. పేరు లేదు కాబట్టి తప్పించుకోవచ్చు, నోరు మూసుకోవచ్చు. ఎక్కడో ఒక క్లినిక్‌లో ఒక నర్సు ఈ కార్డు చూసి సిరంజి నింపుతుంది. ఆ అమ్మాయికి నా పేరు తెలియదు. నా అంకె మాత్రం ఆ సూదిలో ఉంటుంది.

పది నలభై. పత్రం తీసుకుని బయటికొచ్చాను. హెడ్ నర్సు అట్టపెట్టెల ముందు నిలబడి, వ్యాన్ రిజిస్టరులో సంతకం పెట్టబోతోంది.

"సిస్టర్, సంతకం పెట్టకండి. పిల్లల మోతాదు తప్పు. ఆ అంకె రాసింది నేను."

ఆవిడ పెన్ను ఆగింది. నా చేతిలో పత్రం తీసుకుని రెండు సార్లు చదివింది. పెన్నుకి మూత పెట్టి, గోడమీది కార్డు పీకి నా చేతికిచ్చింది. "పదండి, పెద్దాయన దగ్గరికి. నేనూ వస్తా" అంది.

సూపరింటెండెంటు గారు అన్నీ విన్నారు. నాలుగు నెలల పని, ఎర్ర అక్షరాలు, నిన్న వచ్చిన పత్రం, ఇంటి కంప్యూటర్‌లోని ప్రతి. నేను ఏదీ దాచలేదు, ఏదీ తగ్గించి చెప్పలేదు. తగ్గించకుండా చెప్పడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది. ప్రతి వాక్యం చివరా "అంతేనండీ, పెద్ద పనేం కాదు" అని నోటిదాకా వచ్చేది. మింగేశాను. ఉపసంహరణ ఉత్తరం అక్కడే రాసి కింద నా పేరు పూర్తిగా రాశాను. ఆయన వ్యాన్ ఆపించి, మా ఆయనకు కబురు పెట్టారు.

వచ్చాడు. నా వైపు చూడలేదు.

"ఎర్ర అక్షరాలుంటే ఇంకా సరిచూడలేదని అర్థమట. అది నీకు తెలుసా, తెలియదా?" అని సూటిగా అడిగారు సూపరింటెండెంటు గారు.

ఆ క్షణంలో నాకేం కావాలనిపించిందో చెప్పడానికి సిగ్గుగా ఉంది. తెలియదు అనాలని కోరుకున్నాను. వినలేదు అంటే నమ్మేదాన్ని. ఇన్నేళ్లూ నన్ను ఏడిపించిన ఆ వినకపోవడం, ఈ ఒక్కసారికి ఆయన్ని కాపాడేది.

మా ఆయన కళ్లజోడు తీసి చేత్తో పట్టుకున్నాడు.

"తెలుసు సార్. గిన్నెలు తోముతూ చెప్పింది. అన్నీ విన్నాను. తనేం చెప్పినా వింటూనే ఉంటాను, విననట్టు ఉంటే సౌకర్యం. ప్రెస్సుకి పంపే ముందు అన్ని ఎరుపులూ నేనే నలుపు చేశాను. ఒక్క ఫోన్ చేసి, ఇవి సరిచూశావా అని అడిగితే సరిపోయేది. కానీ సార్, అడిగితే ఆ పని తనదని ఒప్పుకున్నట్టే కదా. అందుకే అడగలేదు."