పేరు చెక్కిన గ్లాసు

మా సంఘంలో నెలకి మొదటి ఆదివారం బల్లకి రాలేదంటే వాడేదో చేశాడన్నమాటే. జ్వరమొచ్చిందన్నా నమ్మరు. ఆ జ్వరమేదో రెండో ఆదివారం రాకూడదా అంటారు. బల్ల అంటే ప్రభువు బల్ల. తెల్లగుడ్డ పరిచి, దాని మీద రొట్టె, పక్కన దొరల కాలంలో మిషనువాళ్లిచ్చిన వెండి పాత్ర పెడతారు. పాత్రలో కాచిన ద్రాక్షరసం ఉంటుంది. ఊరందరికీ అదొక్కటే పాత్ర. మగవాళ్ల చాపల దగ్గర మొదలై ఆడవాళ్ల వైపుకి వస్తుంది. ఒకరి నోటి తడి ఆరకముందే ఇంకొకరు తాగాలి. మనమంతా ఒక్క శరీరమనడానికి అదే గుర్తని పాస్టరు అయ్యగారు ప్రతిసారీ చెబుతారు.

నా మొగుడు రూబెన్ నెలల తరబడి ఆ పాత్ర ముట్టలేదు. పాటలయ్యేదాకా కూర్చుని, రొట్టె మీది గుడ్డ తీస్తుండగా లేచి, బయట జీడిచెట్టు కిందికి పోయేవాడు.

లోకం ఊరుకుంటుందా? పలాస జీడిపప్పు ఫ్యాక్టరీలో నా పక్కన కూర్చుని పప్పు వలిచే ధనమ్మ ఒకనాడు తలెత్తకుండానే అడిగింది.

"ఏటే ఇవాంజెలీ, మీ ఆయన బల్లకి రాట్నేదట. ఎవుర్తినేనా మరిగేడేటి?"

"నీ మొగుడు నెలనెలా వత్తన్నాడు గదా, ఆడెవుర్తినీ మరగనేదేటి?" అన్నాను.

చుట్టూ ఉన్నవాళ్లు పడీ పడీ నవ్వారు. నా నోటి సంగతి కాశీబుగ్గ దాకా తెలుసు. నవ్వులయ్యాక మాత్రం ఎవరి కళ్లలోకీ చూడకుండా పప్పు వలుచుకున్నాను.

ఎందుకంటే అసలు సంగతి నాకు తెలుసు. రూబెన్‌కి హెచ్ఐవీ. చెన్నైలో సెంట్రింగ్ పనికి పోయి తెచ్చుకున్నాడు. ఎలా తెచ్చుకున్నాడో చెప్పిన రోజు చీపురుకట్ట ఊడిపోయేదాకా కొట్టాను. తర్వాత ఇద్దరం కలిసే ఏడ్చాం. ఆ గొడవ మా ఇద్దరిదీ, అక్కడితో సరి. నాకు మాత్రం రాలేదు. అందుకే టెక్కలిలో జరిగే పరిశోధనలో మమ్మల్ని చేర్చుకున్నారు. ఆలుమగల్లో ఒకరికి ఉండి, ఒకరికి లేనివాళ్లు కావాలట వాళ్లకి. జబ్బు ముదరకముందే ఉన్నవాళ్లకి మందులిస్తే, రెండోవాళ్లకి అంటకుండా ఆగుతుందా అని చూస్తారట. ఆయన మాత్రలు మింగాలి, నేను నెత్తురివ్వాలి.

మా అత్త సత్యమ్మకి మాత్రం పిల్లల కోసం మందులు వాడుతున్నామని చెప్పాం. ఇంకేముంది, గొడ్రాలి ప్రార్థనలన్నీ నా నెత్తిన పడ్డాయి. శుక్రవారం ఉపవాస ప్రార్థనలో ఆడవాళ్లంతా నా తల మీద చేతులు వేసి, "తండ్రీ, ఈ గర్భం తెరువు" అని అరుస్తుంటే పళ్లు బిగబట్టి కూర్చునేదాన్ని. సిగ్గుతో చెవులు కాలిపోయేవి. అయినా ఆయన పేరు బయటికి రాకుండా ఉంటే చాలనుకున్నాను.

టెక్కలిలో మాతో మాట్లాడే షాలిని మేడమ్‌ని నేనే ఒకసారి అడిగాను, ఒకే పాత్రలో తాగితే అంటుతుందా అని.

"అంటదమ్మా. ఎంగిలితో రాదు. కలిసి తినండి, కలిసి తాగండి" అంది.

తిరుగు బస్సులో, నందిగాం దాటాక, రూబెన్‌ని నిలదీశాను.

"ఇన్నావు గదా. మరి మొదటి ఆదోరం ఎందుకు లెగిసిపోతన్నావు?"

"అంటదని నాకు తెలుసే. ఆల్లకి తెల్దు గదా. రేపు ఎలాగో తెలిసిపోద్ది. ఇన్నాల్లూ మాకు సెప్పకుండా మా పాత్రలో తాగేడంటారు. మోసం సేసినట్టు గాదా?" అన్నాడు. కిటికీలోంచి బయటికి చూస్తూ, "నా పానం మాత్రం ఆ బల్ల మీదే ఉందే" అన్నాడు.

బాప్తిస్మం తీసుకున్న రోజు నుంచీ ఒక్క బల్లా తప్పని మనిషి. ఆ మాట విన్నాక ఊరుకోలేకపోయాను.

"అయితే సెప్పీ. ఆల్లేమన్నా పరాయోల్లా? మనోల్లే గదా" అన్నాను. ఆ మాట అన్నది నేనే.

చెప్పే రోజు వెతుక్కోనక్కర్లేకపోయింది. సంఘపెద్ద ప్రభాకరరావు మాస్టారు మమ్మల్ని ఆరాధన అయ్యాక ఉండమన్నారు. అయ్యగారు, మరి ఇద్దరు పెద్దలు, మా అత్త కూడా ఉన్నారు.

"బల్లకి దూరంగా ఉంటున్నావు. ఏదైనా పాపముంటే ఒప్పుకో నాయనా. దేవుడు క్షమిస్తాడు" అన్నారు మాస్టారు.

రూబెన్ నిలబడి చెప్పేశాడు. జబ్బు పేరు చెప్పాడు. మీకు చెప్పకుండా పాత్ర ముట్టడం ఇష్టం లేక దూరంగా ఉన్నానన్నాడు.

ఒక్కరూ తిట్టలేదు. తిడితే బాగుండేది. తిట్టినవాళ్లకి జవాబు చెప్పడం నాకొచ్చు. అయ్యగారు కళ్లు తుడుచుకుని ప్రార్థన చేశారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు.

"అంటదని నేనూ పేపర్లో చదివానమ్మా. కానీ సంఘంలో బలహీనమైన విశ్వాసులుంటారు గదా. వాళ్ల మనస్సాక్షి కూడా చూడాలి. ఏదో దారి ఆలోచిద్దాం. మనవాణ్ణి వదులుకోం."

ఇంటికొచ్చాక అత్త నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ కడుపు పండాలని నాను దేవుడి పానం తీత్తంటే, నువ్వు నా కొడుకు పరువు కాత్తన్నావేటే, గుంటా!" అని నా ఒళ్లో తల పెట్టి ఏడ్చింది. కాపురానికొచ్చాక ఆవిడ మీద నాకు నిజంగా ప్రేమ పుట్టింది ఆ పూటే.

తర్వాతి బల్ల రోజున రూబెన్ ఉతికిన తెల్లచొక్కా వేసుకుని ముందు చాపలో కూర్చున్నాడు. అయ్యగారు గుడ్డ తీశారు. వెండి పాత్ర పక్కన తళతళలాడే స్టీలు గ్లాసు ఒకటుంది. దాని మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. రూబెన్.

"పలాస పోయి నానే తెచ్చినానే. పెళ్లిసామాను మీద సెక్కినట్టు సెక్కించినాను. అయ్యగోరు, మాస్టారు సరేనన్నారు. ఇంక నా కొడుకు సెట్టు కింద నిలబడక్కర్నేదు" అంది అత్త నా చెవిలో. ఆవిడ మొహం వెలిగిపోతోంది.

రూబెన్ రెండు చేతులా గ్లాసు తీసుకున్నాడు. తన పేరు వంక ఒకసారి చూసుకుని, తల వంచుకుని ఒక గుక్క తాగాడు. కళ్లమ్మట నీళ్లు కారాయి. చూసినవాళ్లంతా ఆనందబాష్పాలనుకున్నారు. వెండి పాత్ర ఆయన్ని దాటిపోయింది. పక్కనున్నవాడు దాన్ని అందుకోవడానికి కాస్త ఎడంగా జరిగాడు కూడా.

నా ఒళ్లు భగ్గుమంది. పాత్ర నా దగ్గరికి రాగానే తాగకుండా అత్త చేతిలో పెట్టి లేచాను. మా గుళ్లో ఆడది మగవాళ్ల చాపల వైపు అడుగు పెట్టదు. నేను పెట్టాను. రూబెన్ చేతిలోంచి గ్లాసు లాక్కుని, ఆయన పెదవి తగిలిన చోటే నోరుపెట్టి మిగిలింది తాగేశాను.

"టెక్కలిలో నా నెత్తురు సూత్తనే ఉన్నారు. నాకు నేదు. కాపరం సేత్తన్న నాకే అంటనేదు, గ్లాసులో మీకేటంటుతాది?" అన్నాను.

గుళ్లో కాపురం మాట! ముసలమ్మలు కొంగులు నోటికడ్డం పెట్టుకున్నారు. మాస్టారు తల దించుకున్నారు. హమ్మయ్య, బుద్ధొచ్చిందనుకున్నాను. గెలిచాననే అనుకున్నాను.

ఆ నెలలో టెక్కలి పోతే, ఈసారి కూడా నాకు లేదన్నారు. "మీలాంటివాళ్లు రాబట్టే అమ్మా, ఈ మందుల సంగతి తేలేది" అంది షాలిని మేడమ్. ఆ మాట మూటగట్టుకుని, మొదటి ఆదివారం కొత్త చీర కట్టుకుని గుడికి పోయాను.

అయ్యగారు గుడ్డ తీశారు. వెండి పాత్ర, దాని పక్కన రూబెన్ గ్లాసు. దాని పక్కన ఇంకో గ్లాసు.

"మాస్టారే తెచ్చినారే. మొగుడి గ్లాసులో తాగింది గదా, పాపం ఆ పిల్లకీ ఒకటుండాలన్నారు" అంది అత్త మురిసిపోతూ. "నీ పేరు పొడుగని రెండు వరసల్లో సెక్కినాడు. సూడు, ఎంత సక్కగా ఉందో."

నాకు లేదు! ఆ మాట నాలుక చివరికి వచ్చేసింది. నాకు లేదు, ఆ వెండి పాత్ర నాది, ఇటివ్వండి అని అరవాలనిపించింది. చాపల అవతల నుంచి రూబెన్ నన్నే చూస్తున్నాడు. నేను ఆ మాట అంటే, ఆ బల్ల దగ్గర మళ్లీ ఆయనొక్కడే అవుతాడు. అది తెలిసి కూడా నా నోరు అటే పోయింది. ఛీ, నేనూ వాళ్లలో ఒకదాన్నేనా అనిపించింది. ఆయన మొహం చూడలేక తల దించుకున్నాను.

అయ్యగారు గ్లాసు తెచ్చి నా ముందు పట్టుకున్నారు. రెండు చేతులా అందుకుని తాగాను.

"దేవుడికి స్తోత్రం" అంది అత్త, నా వీపు నిమురుతూ.