పోశం సార్ సంతకం

ఇంటి ఓనరు పోశం సార్ ఫోన్లో "ఏం కాదు గట్టయ్యా, బేఫికర్ ఉండు" అన్నాడు గనుక గట్టయ్య నెలా పదిహేను రోజులు నిజంగానే బేఫికర్‌గా ఉన్నాడు. అతను చేసిన తప్పు అదే.

ఆ తప్పు బొగ్గుబాయిలో ముప్పై ఏళ్లు పనిచేసినవాడే చేస్తాడు. గట్టయ్య బాయిలో టింబర్‌మన్. బొగ్గు తీసిన చోట రూఫ్ కూలకుండా కింద కర్ర దిమ్మలు నిలబెట్టడం అతని డ్యూటీ. పోశం అదే షిఫ్టులో సర్దార్. అందరికంటే ముందు సర్దార్ లోపలికి పోవాలి. కర్రతో రూఫ్‌ను కొట్టి, చెవి పెట్టి వినాలి. ఖంగుమంటే గట్టిగా ఉన్నట్టు. పగిలిన కుండను తట్టినట్టు బొద్దుమంటే లోపల పొర విడిచినట్టు, డొల్ల. విన్నది బుక్కులో రాసి, సంతకం పెట్టి, అప్పుడు "పోండ్రి" అనాలి. పోశం సార్ పొమ్మన్నాక గట్టయ్య ఒక్కనాడూ తల ఎత్తి చూడలేదు. చూడాల్సిన అవసరమూ రాలేదు.

రిటైరై కంపెనీ క్వార్టర్ అప్పజెప్పాక, గోదావరిఖనిలో పోశం సార్ కొన్న మూడు ఫ్లాట్లలో పైఅంతస్తుది కిరాయికి తీసుకున్నాడు. మనోడే కదా అనుకున్నాడు. సార్ మంచిర్యాలలో ఉంటాడు. ఇటువైపు వచ్చిందే తక్కువ. ఫ్లాటు నెత్తి మీద నీళ్ల ట్యాంకు ఉంది. ట్యాంకు అడుగు నుంచి కారి కారి లోపలి గది స్లాబుకు చెమ్మ పట్టింది. మొదట చపాతీ అంత మరక, దీపావళి నాటికి చాప అంత అయింది. గట్టయ్య మూడుసార్లు ఫోన్ చేశాడు. మూడుసార్లూ "ఏం కాదు" అనే జవాబు వచ్చింది.

ఆ మరక కిందే యమున మంచం. యమున గట్టయ్య ఒక్కగానొక్క బిడ్డ. మంచిర్యాల పక్కనున్న అత్తగారి ఊరు జైపూర్ నుంచి తొలి కాన్పుకు వచ్చింది, తొమ్మిదో నెల. ఇంట్లో తలుపు ఉన్న గది అదొక్కటే.

ఒకరోజు పొద్దున యమున స్నానానికి లేచింది. పక్క దులపడానికి పోయిన గట్టయ్య భార్య సారవ్వ అరిచిన అరుపుకు ఎదురింటి అనసూర్య కూడా ఉరికొచ్చింది. దిండు మీద అరచేతంత పెచ్చు పడి ఉంది. యమున తల పెట్టుకున్న గుంట ఇంకా దిండులో ఉంది. పెచ్చు సరిగ్గా ఆ గుంటలోనే పడింది.

గట్టయ్య వెంటనే ఫోన్ కలిపాడు.

"బొగ్గుగనుల బ్లాస్టింగ్‌కు ఊరంత అదురుతుంటే పెచ్చు రాలదా గట్టయ్యా? జెర సున్నం పూయించుకో. నేను పెండ్లిల ఉన్న" అన్నాడు పోశం సార్. వెనక నుంచి బ్యాండు మోత వినిపించింది.

గట్టయ్య బూజుకర్ర తిరగేసి పట్టుకుని స్లాబును కొట్టాడు. గోడ పక్కన ఖంగుమంది. ఒక జానెడు ఇవతల ఖంగుమంది. మంచం పైకి రాగానే బొద్దుమంది. కర్ర దించి, గోడ పక్కకు జరిగి నిలబడ్డాడు.

"ఏమైందయ్యా?" అంది సారవ్వ.

"బాయిల సార్ కొట్టి చూసి చెప్పెటోడే. ఇప్పుడు ఫోన్ల చెప్పిండు. నేను ఆ మాట ఈ మాట ఒకటే అనుకున్ననే."

ఆ రాత్రి నుంచి యమునను హాల్లో చాప మీద పడుకోబెట్టి, రెండు రోజులు ఇద్దరూ ఇల్లు వెతికారు. ఇల్లు చూపించేదాకా అందరూ మంచివాళ్లే. యమున కడుపు సంగతి చెప్పగానే ముఖాలు మారిపోయాయి. "కాన్పయ్యే ఇల్లంటే మాకు పురుడు అంటుతది, వద్దమ్మా" అని ఒకామె తలుపు సగం మూసి చెప్పింది. ఇంకొకామె "కాన్పయినంక రాండ్రి, అప్పుడు సూద్దాం" అంది. అప్పుడు ఇల్లెందుకని సారవ్వ దారి పొడవునా తిట్టుకుంటూ వచ్చింది.

మూడోనాడు గట్టయ్య సెంట్రింగ్ సామాన్ల దుకాణం నుంచి నాలుగు కట్టెలు మోయించుకొచ్చాడు. మంచం హాల్లోకి లాగి, గదిలో స్లాబుకు ఆనేట్టు కట్టెలు నిలబెట్టి, అడుగున చెక్క చీలలు దిగ్గొట్టి బిగించాడు. సారవ్వ పాత ఎర్రచీర చింపి గుమ్మానికి అడ్డంగా కట్టాడు. బాయిలో ఎక్కడైనా రూఫ్ పాడైతే అలాగే అడ్డం కడతారు. కట్టాక దాన్ని దాటడానికి ఎవరికీ హక్కు లేదు. సర్దార్ వచ్చి చూసి తీయాల్సిందే.

"ఏందే సారవ్వా, ఇంట్ల బాయి తవ్వుతున్నరా? మాకు గూడ నౌకరి ఇప్పియ్యున్రి!" అంది అనసూర్య. ఆ మాట మెట్లు దిగింది, వీధి దాటింది, మర్నాటికి మంచిర్యాల చేరింది. నెలన్నర పిలిచినా రాని పోశం సార్ పొద్దున తొమ్మిదింటికి తలుపు ముందు నిలబడ్డాడు. తెల్లచొక్కా, జేబులో మాత్రం బాయిలో లాగే పెన్ను.

"ఏందయ్యా ఇది? నా ఇజ్జత్ తీస్తున్నవా? పోశం ఫ్లాట్ల దిమ్మలు నిలబెట్టిన్రని అందరు నవ్వుతున్నరు."

"నవ్వనీయున్రి సార్. నవ్వుకు పెచ్చులైతే ఊడవు."

"ముందుగాల ఆ చీర తియ్యి."

"నేనెట్ల తీస్త సార్? అడ్డం కట్టినంక సర్దార్ చూసి తియ్యాలె. మీరు నేర్పిందే గద."

పోశం సార్ గుమ్మం ఇవతల నుంచే మెడ సాచి చూశాడు. "బాగనే ఉంది. ఊకె భయపడ్డవు."

గట్టయ్య యమున పాత కాలేజీ నోటుబుక్కు తెచ్చాడు. తెల్లపేజీ తెరిచి ఆయన ముందు పెట్టాడు.

"గదే రాసియ్యున్రి సార్. తారీఖు, టైము. రూఫ్ కొట్టి చూసిన, గట్టిగుంది, మనిషి పండొచ్చు అని. కింద సంతకం. మీరు రాసినంక నేనే మంచం లోపటికి జరుపుత. నా బిడ్డను ఆడనే పండవెడత. ఒక్క మాట మాట్లాడితే అడుగున్రి."

యమున వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. నడుం మీద ఒక చెయ్యి, కడుపు మీద ఒక చెయ్యి. పోశం సార్ ఆమెను చూసి కళ్లు దించుకున్నాడు.

"ఇది బాయి కాదు గట్టయ్యా."

"రూఫ్ రూఫే గద సార్."

ఆయన జేబులోంచి పెన్ను తీశాడు. గడియారం చూసి తారీఖు, టైము రాశాడు. రెండో లైను మీద పెన్ను ఆగింది. తర్వాత పెన్ను జేబులో పెట్టి, ఎవరూ ఇవ్వకుండానే మూలనున్న బూజుకర్ర అందుకుని, ఎర్రచీర కింద వంగి లోపలికి పోయాడు.

అలవాటు ఎక్కడికీ పోలేదు. నేరుగా మరక కిందికి పోలేదాయన. గోడ పక్కన నిలబడి, గట్టిచోటు నుంచి మొదలుపెట్టి జానెడు జానెడు జరిపాడు. ఖంగు. ఖంగు. బొద్దు. ఆ చప్పుడు హాల్లోకి కూడా వినిపించింది. చెయ్యి ఆగింది. వేసిన అడుగుల్లోనే వెనక్కి వచ్చాడు. గట్టయ్య పట్టుకున్న బుక్కులో నిలబడే రాశాడు: "రూఫ్ డొల్ల. మనుషులు పోవద్దు." కింద సంతకం, తోక చుట్టిన పాత సంతకమే.

రాశాక, రాసిందేమిటో అప్పుడే చదువుకున్నట్టు బుక్కు వైపు చెయ్యి చాచాడు.

"గా కాయిదం ఇటియ్యి."

"ఎందుకు సార్?"

"కింద నాయి ఇంక రెండు ఫ్లాట్లున్నయి. ఇది బయటవడితే ఎవడొస్తడు? ఇయ్యి, నేను రిపేరు చేపిస్త గద."

గట్టయ్య బుక్కు మూసి సారవ్వ చేతిలో పెట్టాడు. ఆమె చీర చెంగు కింద పెట్టుకుని వంటింట్లోకి పోయింది. బియ్యం డబ్బా మూత పడిన చప్పుడు వచ్చింది.

"సర్దార్ రాసిన కాయిదం చింపుడు నేనెన్నడు సూడలే సార్" అన్నాడు గట్టయ్య. "ఇన్నేండ్లు మీ సంతకం చూసే లోపటికి పోయిన. ఇప్పుడు మీ సంతకం చూసే బయట ఉంటున్న."

పోశం సార్ మెట్లు దిగి పోయాడు.

మధ్యాహ్నానికి పైన గుడగుడమని ట్యాంకు ఖాళీ అవుతున్న మోత వచ్చింది. ఆయనే ఎవరితోనో వాల్వు తిప్పించాడట. మర్నాటి నుంచి బిల్డింగంతా బోరింగు దగ్గర బిందెలు. అనసూర్య ఇప్పుడు జోకులు వేయడం లేదు, "మీ వల్లనే నీళ్లు బంద్" అని ముఖం తిప్పుకుంటోంది. మేస్త్రీ మాత్రం రాలేదు. ఫోన్ చేస్తే "తోలుత, తోలుత" అంటాడు పోశం సార్. "ఏం కాదు" అన్న మాట మాత్రం మళ్లీ అనలేదు.

సర్దార్ రాడు గనుక గట్టయ్యే రోజూ పొద్దున చాయ్ తాగి బూజుకర్ర పట్టుకుంటాడు. చీర కింద వంగి లోపలికి పోయి, గోడ పక్క నుంచి మొదలుపెట్టి కొడతాడు. బయటికొచ్చి పోశం సార్ సంతకం కింద తారీఖు వేసి, వంకర అక్షరాలతో అదే మాట రాస్తాడు. ఈరోజుతో తొమ్మిది లైన్లు. దవాఖానలో చెప్పిన తేదీకి ఇంకా పన్నెండు రోజులున్నాయి.

హాల్లో టీవీకీ చెప్పుల స్టాండుకూ మధ్య ఇరికించిన మంచం మీద నుంచి యమున అడిగింది. "నాయినా, రూఫ్ ఏమన్నది?"

"గదే అన్నది బిడ్డా. నువ్ ఈడనే పండు" అన్నాడు గట్టయ్య. కర్రను గుమ్మం పక్కన, చేతికి అందేట్టు, నిలబెట్టాడు.