మావుల మలుపులో డిస్ప్యూటు

కొల్లేటి కాలువ మలుపులో చేపలు పట్టే వెదురు బోనులు, అంటే మావులు, ఎవరు పాతాలన్న దానిపై సత్తియ్యకూ, అతని వదిన పెద్దింటమ్మకూ ఏటా కలహమే. అరుపులు భరించలేక ఊరివారు అర్జీ పెట్టగా, ఏలూరు నుంచి తహసీలుదారు విచారణకు వచ్చాడు.

"డిస్ప్యూటు ఉందా?"

"అంటే ఏవిటండీ?" అంది పెద్దింటమ్మ.

తహసీలుదారు వెంట వచ్చిన గుమాస్తా నిఘంటువులో ఉన్న అర్థంతో పాటు లేనిదీ చెప్పాడు. "తగువమ్మా. ఉందని రాస్తే, కోర్టు తేల్చేదాకా మీరిద్దరూ అక్కడ దిగకూడదు."

చేపలు ఎదురెక్కే రోజులవి. మావులు పడకపోతే రెండిళ్లలోనూ పస్తే.

"తగువేం లేదండీ, మా వదిన తిడతాది, అంతేనండి," అన్నాడు సత్తియ్య.

"మరి ఆ అరుపులు?"

"మరిదిగారిని పలకరిస్తానండీ," అంది పెద్దింటమ్మ.

తహసీలుదారు డిస్ప్యూటు లేదని రాసుకుని బండెక్కాడు. అది కనుమరుగయ్యేదాకా వాళ్లిద్దరూ గొంతు తగ్గించి తిట్టుకుంటూ, చెరో ఒడ్డున మావులు పాతారు.