భాస్కరరావుగారి కండువా

కళాశాలలో ముప్పయ్యేళ్ళు వృక్షశాస్త్రం బోధించి పదవీవిరమణ చేసిన భాస్కరరావుగారికి, తనకు తెలియని మొక్క యానాంలో మొలవదని గట్టి నమ్మకం. ఎవరి చేతిమీద నాలుగు పొక్కులు కనిపించినా కళ్ళజోడు సవరించుకుని, లాటిన్ పేరు పలికి, అది వయ్యారిభామ పనో దూలగొండి పనో తేల్చేవారు. పొక్కు కనబడగానే అమ్మవారని వేపమండలు కట్టేవాళ్ళను చూస్తే ఆయనకు ఒళ్ళు మండేది. అటువంటివారిని ఉద్ధరించడానికే, ఆదివారం గ్రంథాలయంలో విషపు మొక్కల మీద ఉపన్యసించడానికి ఒప్పుకున్నారు. కరపత్రాలు కనకాలపేట దాకా పంచారు.

సభలో చూపడానికి ఒక కొమ్మ కావలసివచ్చింది. గురువారం మరియదాసు పడవలో మడ అడవి పాయలోకి వెళ్ళి, తిల్లచెట్టు కొమ్మను స్వహస్తాలతో విరిచారు. తెల్లని పాలు మణికట్టు మీదుగా కారాయి. మరియదాసు తెడ్డు వదిలేసి, పడవలో ఎప్పుడూ ఉంచుకునే సబ్బుముక్క అందించాడు.

“తిల్లపాలండీ. కంట్లో పడితే చూపే పోద్ది. ముందు కడిగేసుకోండి మేష్టారూ.”

భాస్కరరావుగారు చిరునవ్వు నవ్వి, ఆ చెట్టు లాటిన్ పేరును రెండుసార్లు విడమరిచి చెప్పి, అటువంటివి తన చేతిలో వేలకొద్దీ నలిగాయన్నారు. అవన్నీ అట్టలకు అంటించిన ఎండు రెమ్మలన్న సంగతి మాత్రం చెప్పలేదు. చేతిని కండువాకు తుడుచుకుని, అదే కండువాతో మెడమీది చెమట ఒత్తుకుని, భుజాన వేసుకుని ఇల్లు చేరారు.

శుక్రవారం తెల్లవారేసరికి మెడచుట్టూ మంట, ఎర్రని పొక్కులు. భార్య కామేశ్వరి చూస్తూనే ఆటలమ్మ అని లెంపలు వేసుకుంది. గుమ్మానికి వేపమండలు కట్టింది. సబ్బు, స్నానం కూడదంది. అదేమిటో ఆయనకు అద్దంలో చూడగానే తెలిసింది. కాని తెలిసిందని ఒప్పుకుంటే, పడవవాడు చెప్పినా వినలేదనీ ఒప్పుకోవాలి. ఆదివారం ఏ ముఖంతో వేదిక ఎక్కడం? అమ్మవారైతే ఎవరికైనా పోస్తుంది, అందులో పరువుతక్కువ లేదు. ఉపన్యాసం మానుకోవడానికీ గౌరవప్రదమైన సాకు. భాస్కరరావుగారు జీవితంలో మొదటిసారి అమ్మవారికి తలవంచి చాప మీద పడుకున్నారు.

వీధి ఆడవాళ్ళు చలివిడి చేసి తెచ్చి, అమ్మవారు ఒంటిమీద ఉందని ఆయన కాళ్ళకే మొక్కారు. ఆయన కళ్ళు మూసుకుని దీవించారు. మంట ఎక్కువైనప్పుడల్లా పక్కనున్న కండువాతోనే ఒత్తుకున్నారు. సాయంత్రానికి పొక్కులు దవడ దాటాయి. కుడికన్ను వాచి, మసకగా కనిపించసాగింది.

అప్పుడు మరియదాసు భార్య జోసెఫిన్ పలకరించడానికి వచ్చింది. గుమ్మంలోనే నిలబడి కాసేపు చూసింది.

“అమ్మగారూ, ఆటలమ్మ ఒళ్ళంతా చల్లినట్టు పోస్తాదండి. ఈయనగారికి కండువా పెట్టి గీసినట్టు పోసిందేంటండీ?”

కామేశ్వరి కండువా ఎత్తి చూసింది. అది ఆనినంత మేరే పొక్కులున్నాయి. అది తాకని వీపూ పొట్టా నున్నగా ఉన్నాయి.

“ఏవండీ, ఇది అమ్మవారేనా?”

ఆయన కంటినుంచి నీరు ధారకట్టింది. కన్నా, పరువా?

“ఎక్సోకేరియా,” అన్నారు మెల్లగా.

“అంటే?”

“తిల్ల.”

జోసెఫిన్ కండువాను కర్రతో ఎత్తి బకెట్‌లో పడేసింది. మెడకూ చేతులకూ సబ్బు పట్టించింది. ఆయన తల పక్కకు వంచి, పావుగంట సేపు కంట్లో మంచినీళ్ళు ధారగా పోసింది. తరువాత ఆటోలో ఆసుపత్రికి తీసుకువెళ్ళారు. కడగడం ఒక రోజు ఆలస్యమైందనీ, అయినా చూపు దక్కిందనీ డాక్టరు చెప్పారు. ఇంటికి వచ్చాక కామేశ్వరి వేపమండలు విప్పింది.

“ఆ చలివిడి మనమే తినేద్దామండీ. తిల్లకి నైవేద్యం పెట్టామని తెలిస్తే ఊరు నవ్వుతుంది.”

ఆదివారం భాస్కరరావుగారు మెడనిండా గులాబిరంగు మందు పూసుకుని వేదిక ఎక్కారు. బల్లమీద కొమ్మ లేదు, సబ్బుముక్క ఉంది. చెట్టుపాల పొక్కులు తాకినచోటనే చారలుగా లేస్తాయనీ, వెంటనే సబ్బుతో కడగాలనీ, తుడుచుకున్న గుడ్డను కూడా ఉతకాలనీ గంభీరంగా సెలవిచ్చారు. ఇటీవల ఈ ఊళ్ళోనే ఒక అవివేకి, హెచ్చరించినా వినక కష్టాలు కొనితెచ్చుకున్నాడని కూడా చెప్పారు. సభ యావత్తూ ఆయన మెడ వైపు చూసింది.

వెనక వరుసలోంచి జోసెఫిన్ లేచింది.

“ఆ అవివేకిగారి కన్ను ఇప్పుడెలాగుందండీ?”

“ఫరవాలేదమ్మా,” అన్నారు భాస్కరరావుగారు. “మీరు ఇక్కడికి స్పష్టంగానే కనిపిస్తున్నారు.”