షామియానా విప్పిన రాత్రి

టెంట్ హౌస్ వాళ్లు విహారానికి బయల్దేరితే ఎలా ఉంటుందో మమ్మల్ని చూడాలి. పట్టుమని పదిమందిమి కూడా లేం. వ్యాన్‌లోకి మాత్రం కుర్చీల దొంతరలు, ఇనప స్తంభాలు, తాళ్ల చుట్టలు, ఊరంతటికీ వండిపెట్టే గుండిగ ఒకటి ఎక్కాయి.

"ఆ గుండిగ ఎందుకండీ? అందులో నన్ను ఉడకబెడతారా?" అని అడిగాను.

"ఉంటే మంచిదేగా," అన్నారు మా ఆయన నా వంక చూడకుండా. వెనకాల సామాను లేకపోతే ఆయనకు కాళ్లూ చేతులూ ఆడవు.

ఈ ప్రయాణం నా కోరిక. మోకాళ్లు అరిగిపోయాయి, ఆపరేషన్ తప్పదన్నారు. ఈలోగా ఏమైనా కావాలా అని పెద్దోడు అడిగితే, "ఎక్కడైనా దీపాల్లేని చోట వెల్లకిలా పడుకుని ఆకాశం చూడాలిరా," అన్నాను. ఇంటిల్లిపాదీ నవ్వారు. వాళ్లకేం తెలుసు? మాకు కింద గోడౌను, పైన ఇల్లు. తడి గుడ్డ వాసన మధ్య కుట్టుమిషన్ ముందు కూర్చుని, చిరిగిన షామియానాలకు అతుకులు వేస్తూనే నా వయసంతా గడిచింది. పనిచోట తల మీద గుడ్డ, ఇంట్లో తల మీద స్లాబు. మేడ మీదకు వెళ్దామంటే వీధి దీపాల వెలుగులో కనపడే చుక్కలు ఒకటో అరో. మా గుడ్డల్లో ఏ అతుకు ఎక్కడుందో కళ్లు మూసుకుని చెబుతాను కానీ, ఏ చుక్క ఎక్కడుంటుందో నాకు తెలియదు.

మా పని సంగతి ఇక్కడ కొంచెం చెప్పాలి. షామియానా ఎత్తేటప్పుడైనా దించేటప్పుడైనా మూలకో మనిషి తాడు పట్టుకుంటాడు. మేస్త్రి మాత్రం తాడు ముట్టుకోడు. మధ్య స్తంభం పక్కన నిలబడి, తలెత్తి గుడ్డను చూస్తూ, ఎవరు లాగాలో ఎవరు వదలాలో కేకవేస్తాడు. ఆ కేక ఎవరిదైతే వ్యాపారం వాళ్లదన్నట్టే. మా ఇంట్లో కేక మా ఆయనది. ఆయన 'లాగు' అంటే పక్కవీధిలో వాళ్లు కూడా ఏదో ఒకటి పట్టుకుని లాగాలి, అంత గొంతు. ఆ గొంతు కాస్తా ఇప్పుడు పోయింది. ఇంకా అరిస్తే ఉన్నది కూడా దక్కదని డాక్టరు చెప్పేశాడు. అందుకని సీజన్ మొదలయ్యేలోపు కేకను ఇంకొకరికి అప్పగించాలి. ఈ విహారం నుంచి రాగానే ఆ మాట పనివాళ్లందరి ముందూ చెబుతానన్నారు.

ఎవరికిస్తారో నాకు తెలుసు. అందుకే నాకు ఒళ్లు మండుతోంది.

మాకు ఇద్దరు కొడుకులు. పెద్దోడు బంగారం, కానీ స్టీరింగు తప్ప ఇంకేదీ వాడి చేతికి ఇవ్వద్దని వాడే బతిమాలతాడు. చిన్నోడిని ఇంట్లో అందరం మైకు అంటాం. వాడు మైకులు అద్దెకిచ్చే విభాగం చూస్తాడు, నిజానికి వాడికి మైకు అక్కర్లేదు. గుసగుసగా చెప్పినా గోడౌను ప్రతిధ్వనిస్తుంది. మా ఆయన చూపు వాడి మీద.

ఇక పని చూసేది ఎవరయ్యా అంటే మా పెద్దకోడలు. నేల చూస్తే నీళ్లు ఎటు పారతాయో చెబుతుంది. గాలి ఏ వేళకు ఎటు తిరుగుతుందో కనుక్కుని మేకులు కొట్టిస్తుంది. ఒకసారి భోజనాల మధ్యలో వాన ముంచుకొస్తుంటే, ఇంకా చినుకు పడకముందే ఒక మూల స్తంభం దించి గుడ్డను వాలుగా పెట్టించింది. నీళ్లన్నీ ఆ మూలనుంచి జారిపోయాయి, ఒక్కరి విస్తట్లో కూడా చుక్క పడలేదు. అదంతా చూసి కూడా మా ఆయన, "పిల్ల మంచిదే. కానీ మేస్త్రికి గొంతుండాలి, దానికి గొంతేదీ?" అంటారు. నిజమే, మా కోడలు మాట్లాడితే పక్కనున్నవాడు చెవి దగ్గర పెట్టాలి. అయితే ఏంటట? గుడ్డను ఎత్తేది గొంతా, బుర్రా? ఈ మాటే అడిగాను. "నీకు తెలీదులే," అన్నారు. ఇన్నేళ్లు ఆయన గుడ్డలు కుట్టినదాన్ని నాకు తెలియదట.

మేం ఎంచుకున్న సరస్సు చేరేసరికి పొద్దు వాలుతోంది. దారి ఎక్కడో ఆగిపోతే పెద్దోడు రాళ్ల మీదుగా వ్యాన్‌ను అంగుళం అంగుళం నడిపించాడు. చుట్టూ బోడికొండలు, మధ్యలో నీళ్లు, ఎటు చూసినా ఒక్క కరెంటు స్తంభం లేదు. నా ప్రాణం లేచివచ్చింది. ఒడ్డంతా గులకరాళ్ల వాలు. మంచం వేసుకునేంత చదును ఒక్కచోటే ఉంది. అక్కడ నా మడతమంచం వేశారు.

నేను నడుం వాల్చి పైకి చూసేలోపు మా ఆయన ఆ చదును మీద షామియానా ఎత్తించేశారు.

"ఇదేంటండీ? నేనొచ్చింది దేనికి?"

"మంచు కురుస్తుంది. అయినా గుడ్డ లేకుండా కూర్చుంటే ఒంటిమీద గుడ్డ లేనట్టుంటుంది నాకు," అన్నారు. ఆయన బొంగురు గొంతుతో చివరిసారి కేక వేసుకున్న షామియానా అది. ఎక్కడా ముడత లేదు. ఇది మా ఆయన కట్టించిందని ఎవరైనా దూరంనుంచే చెప్పగలరు. అంత ముచ్చటగా ఉన్నదాన్ని తీసెయ్యమనడానికి నాకు నోరు రాలేదు.

చీకటి పడ్డాక కొడుకులూ కోడళ్లూ నలుగురూ నీళ్లదాకా వెళ్లి చూసి వచ్చారు. వచ్చినవాళ్లు వచ్చినట్టే కూలబడ్డారు. మైకు కూడా మాట్లాడలేదు.

"ఎలా ఉందిరా?" అన్నాను.

"అమ్మా, అది చెప్తే అయ్యేది కాదే," అన్నాడు పెద్దోడు.

నేను వెళ్లలేకపోయాను. కారణం నా మోకాళ్లొక్కటే కాదు, చంటోడు. మైకు కొడుకు, పాలుతాగే పిల్లాడు. పళ్లు వస్తున్నాయేమో, ప్రయాణమంతా గుక్కపట్టి ఏడ్చి ఏడ్చి, చివరికి నా చెయ్యి మీద తలపెట్టి నిద్రపోయాడు. చెయ్యి కాస్త కదిలిస్తే మూతి వంకర తిప్పుతున్నాడు. చిన్నకోడలికి మూడు రాత్రులుగా నిద్ర లేదు. "వాడు గానీ లేచాడో, మీలో ఎవరు లేపారో వాళ్లే తెల్లార్లూ ఎత్తుకు తిప్పాలి," అని అందరికీ వేలు చూపించింది.

మంచాన్ని పిల్లాడితో సహా మోసుకెళ్దామంటే కాలికింద గులకరాళ్లు. పొద్దున్నే తిరుగుప్రయాణం, ఆపైన ఆసుపత్రి. మళ్లీ ఇంత దూరం నన్నెవరు తీసుకొస్తారు? నా పైన ఉన్నదేమో నేను కుట్టిన గుడ్డే. చీకట్లో కూడా నా అతుకులు నాకు తెలుస్తున్నాయి. ఏడుపొచ్చింది, ఏడిస్తే పిల్లాడు లేస్తాడని మింగేశాను.

పెద్దకోడలు వచ్చి మంచం పక్కన కూర్చుంది. నా మొహం చూసిందో, ఊపిరి విందో తెలియదు. "మిమ్మల్ని కదపలేం సరే. షామియానాని కదుపుదాం అత్తయ్యా," అంది.

ఆ మాట మా ఆయన విన్నారు. "కింద మనుషులుండగా ఎలా దించుతారు? మధ్య స్తంభం తీశామంటే గుడ్డంతా మీద పడుద్ది," అన్నారు.

"పడనివ్వకుండా తీద్దాం మావయ్యా. నాలుగు తాళ్లూ బిగించి పట్టుకుంటే మధ్య స్తంభం లేకపోయినా కాసేపు నిలబడుద్ది. నీళ్ల వైపు ఇద్దరూ స్తంభాలు పైకెత్తి పట్టుకుని కొండ వైపు నడుస్తారు. కొండ వైపు ఇద్దరూ గుడ్డని లోపలికి లాక్కుంటారు. నిద్రపోయేవాళ్ల మీంచి దుప్పటి తీసినట్టు."

"దీపం?"

"దీపం వేస్తే బాబు లేస్తాడు."

"దీపం లేకుండా, కేక లేకుండా..." అంటూ మా ఆయన ఆగిపోయారు.

నాలుగు తాళ్లు, ఒక కేక. ఉన్నది ఐదుగురు: ఆయన, ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్లు. కేక ఎవరిదని ఎవరూ అడగలేదు. మైకు గొంతు సవరించుకుని, వాడి లెక్కలో గుసగుసగా, "నేను చెప్తాలే నాన్నా," అన్నాడు. నా చెయ్యి మీద చంటోడు ఉలిక్కిపడ్డాడు. చిన్నకోడలు మొగుడి నోరు నొక్కేసింది. మా ఆయన తానే చెబుదామని నోరు తెరిచారు. దగ్గు తన్నుకొచ్చింది. కండువా నోట్లో కుక్కుకుని వంగిపోయారు.

నేను కలగజేసుకోలేదు. నా గురించి తెలిసినవాళ్లు ఈ మాట నమ్మరు.

దగ్గు తగ్గాక ఆయన కండువా దులిపి భుజాన వేసుకున్నారు. తర్వాత చీకట్లో కొండవైపు మూలకు నడిచి వెళ్లి, వంగి, తాడు విప్పి చేతికి చుట్టుకున్నారు. ఆయన తాడు పట్టుకోవడం నా పెళ్లయ్యాక నేను చూడలేదు. మిగతా ముగ్గురూ తలో మూలకు వెళ్లారు. మధ్య స్తంభం పక్కన, నా మంచం పక్కన, మా కోడలు మిగిలింది.

"బిగించండి," అంది. అంతే. మామూలుగా నాతో మాట్లాడేంత గొంతే. ఆ నిశ్శబ్దంలో అది నాలుగు మూలలకూ చక్కగా అందింది. గుడ్డ బిగుసుకున్న చప్పుడు విన్నాను. తను స్తంభం మొదలు పట్టుకుని, కొంచెం కొంచెంగా పక్కకు జరిపి, నా తలకు జానెడు దూరంలోంచి తీసి నేల మీద పడుకోబెట్టింది. ఒక్క రాయి కూడా కదల్లేదు.

అప్పుడు వచ్చింది గాలి, సరస్సు మీదనుంచి. గుడ్డ ఒక్కసారిగా పైకి ఉబ్బింది. చిన్నకోడలి చెప్పులు గులకరాళ్ల మీద జారుతున్నాయి. అది వదిలేసిందంటే మంచుకు తడిసిన గుడ్డ, దానికున్న ఇనప కడియాలు నా మీదా పిల్లాడి మీదా పడతాయి. నేను వాడి మీదకు వంగి నా వీపు అడ్డం పెట్టాను. మైకు గట్టిగా ఊపిరి పీల్చడం వినపడింది. ఇంకో క్షణంలో కేక పెట్టేవాడే.

"కూర్చోండి," అంది మా కోడలు. తొందర లేదు, వణుకు లేదు. "తాడుతోపాటు కూర్చోండి అందరూ."

కూర్చున్నారు. మా ఆయన కూడా ఆ రాళ్ల మీద చతికిలబడ్డారు. నలుగురి బరువూ తాళ్ల మీద పడేసరికి గుడ్డ దిగివచ్చి కుదురుకుంది. గాలి పోయేదాకా కదలనివ్వలేదు. తరువాత, "లేవండి. నీళ్లవైపు వాళ్లు, మెల్లగా నడవండి. కొండవైపు వాళ్లు, లాగండి. ఇంకొంచెం. ఆగండి. ఇప్పుడు లాగండి," అంటూ గుడ్డతోపాటు తనూ వెనక్కి నడిచింది.

నేను మళ్లీ వెల్లకిలా వాలాను. నా కాళ్ల దగ్గర మొదలైంది ఆకాశం. గుడ్డ అంచు జరుగుతున్నకొద్దీ దాని వెనకాల చుక్కలు వరుసలు వరుసలుగా వస్తూనే ఉన్నాయి. నడుం మీదకు వచ్చాయి, పిల్లాడి మీదకు వచ్చాయి, చివరికి అంచు నా మొహం దాటిపోయింది. దాన్ని పాలపుంత అంటారని చదువుకున్నాను కానీ, అంత పొడుగుంటుందని, కొండనుంచి కొండకు పరిచి ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. కొన్ని చుక్కలు పచ్చగా, కొన్ని ఎర్రగా ఉన్నాయి. ఎక్కడా అతుకు లేదు. కళ్లవెంట నీళ్లు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు, చెయ్యి ఖాళీ లేదుగా. చంటోడు హాయిగా నిద్రపోతున్నాడు.

నాకు గర్వంగా ఉంది. చెప్పుకోవడానికి మొహమాటమేం లేదు. ఆకాశం అందరికీ ఉంది, అలాంటి కోడలు నాకే ఉంది.

మా పనిలో ఒక పద్ధతుంది. గుడ్డ దిగిపోయినా సరే, మేస్త్రి పేరుపేరునా వదలమనేదాకా ఎవరూ తాడు వదలకూడదు. "మీరు వదలండి," అంది తన మొగుడితో. "వదులు బాబూ," అంది మరిదితో. తోడికోడలి చేతిలోంచి తాడు తనే తీసుకుంది. ముగ్గురూ నా మంచం చుట్టూ చేరి తలలెత్తారు. మా కోడలు కూడా వచ్చి నిలబడి పైకి చూస్తోంది.

నాకు కొండవైపు ఒక మనిషి కనబడుతున్నాడు. గుడ్డ మడతపడి నేల మీద ఉంది. దానికి కట్టిన తాడు మాత్రం ఆయన చేతిలోనే ఉంది, చేతికి చుట్టి, బిగించి.

"అమ్మాయ్," అన్నాను మెల్లగా. "మీ మావయ్య ఇంకా పట్టుకునే ఉన్నారు. చెప్పు."

కోడలు అటు చూసి కంగారుపడింది. "మావయ్యకి నేనెలా చెప్తాను అత్తయ్యా? ఆయనే వదిలేస్తార్లెండి."

"మేస్త్రి చెప్పకుండా ఎలా వదులుతాను?" అన్నారు మా ఆయన ఆ బొంగురు గొంతుతో, చీకట్లోంచి. "పద్ధతి తెలీదనుకున్నావా నాకు?"

మైకు పక్కకు జరిగి వదినకు దారిచ్చాడు. పెద్దోడు పెళ్లాం వంక చూశాడు. మా కోడలు పైట సర్దుకుని, నాలుగడుగులు ఆయన వైపు నడిచి, నిటారుగా నిలబడింది.

"వదలండి మావయ్యా," అంది.

ఆయన వదిలారు.