ముందు ఏది చెప్పాలి

జడ వేసేటప్పుడు ప్రియ ఏనాడూ కుదురుగా కూర్చోదు. ఆ పొద్దు మాత్రం కదలకుండా కూర్చుంది. తల్లి సుచిత్ర దువ్వెన ఆపి ఒకసారి పాప ముఖంలోకి తొంగి చూసింది. ఇవాళ హిందూపురం కోర్టులో జడ్జిగారు పాపను తన గదిలోకి పిలిచి, ఎవరి దగ్గర ఉంటావమ్మా అని అడుగుతారు. ఏడేళ్ల పిల్ల చెప్పే మాటను బట్టి ఆమె ఎవరి ఇంట్లో పెరగాలో తేలుతుంది.

మొగుడు ప్రసాద్‌ది ధర్మవరంలో చీరల అంగడి. విడిపోయాక సుచిత్ర హిందూపురం వచ్చి బట్టల ఫ్యాక్టరీలో సూపర్‌వైజరుగా చేరింది. శనివారం పెనుకొండ బస్టాండులో పాపను అతని చేతికి అప్పగించడం, ఆదివారం సాయంత్రం అక్కడే మళ్లీ తీసుకోవడం. సగం దారిలో చేతులు మారడానికి నా బిడ్డ ఏమన్నా పార్శిలా అని మొదట్లో ఏడ్చేది. తర్వాత అదీ అలవాటైపోయింది.

పోయిన వాయిదాలో ప్రసాద్ లాయరు, తల్లి ఫ్యాక్టరీకి పోతే బిడ్డను చూసేదెవరని అడిగాడు. తండ్రి రాత్రి దాకా అంగడిలో కూర్చుంటే చూసేదెవరని ఒక్కరూ అడగలేదే! అక్కడ అత్త సుశీలమ్మ చూస్తే అది కుటుంబం, ఇక్కడ పక్కింటి ఓబులమ్మ చూస్తే అది నిర్లక్ష్యం. బిడ్డకు నీళ్లు పోసి, జ్వరాలకు రాత్రులు మేలుకున్న అన్నేళ్లూ అత్త అన్నది ఒకటే మాట, “నువ్వు ఇంట్లో ఊరికే ఉండావు కదమ్మా” అని. ఇప్పుడేమో ఊరికే ఇంట్లో లేకపోవడమే నేరమైంది.

ఆ మంటలోనే సుచిత్ర చేయరాని పని చేసింది. నాయన అన్నం పెట్టడు, కొడతాడు అని పాపకు నేర్పింది. గుడ్డలు మడతపెడుతూ, ముద్దలు తినిపిస్తూ, పద్యం అప్పజెప్పించుకున్నట్టు చెప్పించుకుంది. పెళ్లాంతో ఎలా ఉన్నా, ప్రసాద్ బిడ్డ మీద చెయ్యెత్తిన మనిషి కాడు. ఆ సంగతి ఆమెకు తెలియనిదా?

రిబ్బను ముడి వేస్తుంటే ప్రియ మెల్లగా అడిగింది.

“అమ్మా, అవ్వ చెప్పమనింది ముందు చెప్పల్లా, నువ్వు చెప్పమనింది ముందు చెప్పల్లా?”

సుచిత్ర రిబ్బను వదిలేసి పాపను తన వైపు తిప్పుకుంది. అవ్వ ఏం చెప్పమనిందని అడిగింది.

“నువ్వు నన్ను ఇంట్లో పెట్టి బీగం ఏసుకోని పోయినావని.”

అది అబద్ధం కాదు. ఓబులమ్మ ఊరికి పోయిన రోజు, ఫ్యాక్టరీలో సెలవు ఇవ్వకపోతే, తలుపుకు బీగం వేసి పనికి పోయింది. అన్నం వేళకు పరుగెత్తుకొచ్చేసరికి పిల్ల ఏడ్చి ఏడ్చి తలుపు దగ్గరే నిద్రపోయి ఉంది. అత్త నేర్పింది నిజం, తను నేర్పింది అబద్ధం. సిగ్గుతో ఆమెకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఎవరు చెప్పమన్నదీ చెప్పొద్దమ్మా, నీకు తోచింది చెప్పు, తోచకుంటే ఊరుకో అంది.

“నీకు కోపం రాదా?”

“రాదు తల్లీ.”

కోర్టులో పేరు పిలిచారు. పాపను లోపలికి పంపమని ఆమె లాయరు సైగ చేశాడు. సుచిత్ర పాపను బెంచీ మీదే కూర్చోబెట్టి, తానే పోయి జడ్జిగారి ముందు నిలబడింది.

“బిడ్డను అడిగే ముందు నన్ను అడగండి సార్. వాళ్ల నాయన కొడతాడని నేనే నేర్పినాను, అది అబద్ధం. నేను బీగం ఏసి పోయిన మాట నిజం. ఆ పొద్దు వాళ్ల నాయన యాడుండాడో, అది కూడా అడగండి.”