మూడు నెలవంకల మాస్టారు

మా బద్రుల్‌హిషామ్ మాస్టారికి మెనిస్కస్ అనే మాట దొరికిన దగ్గర్నుంచి మా బడికి మనశ్శాంతి లేదు. ఆ బడి ల్యాబ్‌లో గాజుసామాను కడిగి సర్దే రొస్నాని నేను. ఇరవై రెండేళ్లుగా ఆయన పాఠాలు వింటున్నాను, తప్పించుకునే దారి లేక.

చిన్న చంద్రుడని గ్రీకువాళ్లు పెట్టిన పేరట. కొలత గీతలున్న గాజు కొలజాడీలో నీళ్లు పైన నెలవంకలా వంగుతాయే, అది మెనిస్కస్. ఒక పక్క ఉబ్బి, ఇంకో పక్క లోతుగా ఉన్న ఆయన కళ్లద్దాలూ మెనిస్కస్సే. మూడోది మోకాటి కీలులో ఉండే మెత్తటి నెలవంక. టీచర్ల ఆటల రోజున, యాభై నాలుగేళ్ల వయసులో, కుర్రటీచర్లకి తన ప్రతాపం చూపిద్దామని బెత్తంతో అల్లిన బంతిని తలెత్తున తన్నబోయి ఆ మోకాటి నెలవంకని చింపుకున్నారు. ఇంకొకరైతే సిగ్గుపడతారు. ఈయన స్కానింగ్ ఫిల్ము తెచ్చి క్లాసు కిటికీకి అతికించారు.

అప్పట్నుంచి విందుల్లో అందరం చాపల మీద కూర్చుంటే ఆయనకి కుర్చీ. నమాజుకీ కుర్చీయే. దానికి నాకేం అభ్యంతరం లేదు, నొప్పి నొప్పే. కానీ కొలజాడీని బల్ల మీద పెట్టి, నెలవంక అడుగు కంటికి సమంగా వచ్చేదాకా వంగి చదవాలి. ఆ పాఠం చెప్పింది ఆయనే. ఇప్పుడు వంగలేరు. వంగలేనని ఒప్పుకోనూ లేరు.

మా రాష్ట్ర రాజధాని కోట బారులో రాష్ట్రస్థాయి సైన్సు పోటీ ఉంది. గెలిచిన పిల్లకి హాస్టల్ సైన్సు బడిలో సీటు. రేవు దగ్గర శంఖుపూల రంగుతో వండిన నీలం అన్నం పొట్లాలు అమ్మే ఆవిడ కూతురు హజీకాకి ఆ సీటు మీదే ప్రాణం. జట్టులోకి ఎంపికకి మాస్టారు కొలజాడీతో పరీక్ష పెట్టారు. పిల్ల మోకాళ్ల మీద కూర్చుని చూసి, "నలభై ఆరు మాస్టారూ" అంది.

ఆయన నిలబడే, పైనుంచి ఒక చూపు విసిరారు. పైనుంచి చూస్తే ఎక్కువ కనిపిస్తుందని మా ఊరి మేకకి కూడా తెలుసు.

"నలభై ఎనిమిది! కళ్లు ఇంట్లో పెట్టి వచ్చావా?"

"మీరు కూడా ఒక్కసారి వంగి చూడండి మాస్టారూ."

"ఓహో, నువ్వు నాకు మెనిస్కస్ నేర్పుతావా? ఒంటి మీదే మూడు మోస్తున్నవాణ్ణి!"

మోస్తున్నది రెండు. మూడోది గాజులో ఉంది. అదొక్కటే ఆయనకి కనపడలేదు.

"రొస్నా, నువ్వు చెప్పు. ఎంత?"

నా పనితీరు మీద ఏటేటా రిపోర్టు రాసేది ఆయనే. పిల్ల నావైపు ఆశగా చూసింది.

"నలభై ఎనిమిదే మాస్టారూ" అన్నాను.

"విన్నావా? దిద్దుకుంటే జట్టులో ఉంటావు. లేదంటే ఇంటికెళ్లి పొట్లాలు కట్టుకో."

హజీకా నలభై ఆరు కొట్టేసి నలభై ఎనిమిది రాసింది. ఆ తర్వాత నెలరోజుల సాధనలో ఒక్క లెక్కా తప్పలేదు. "చూశావా నా శిక్షణ!" అని ఆయన స్టాఫ్ రూములో అందరి చెవులూ చిల్లులు పడేలా చాటుకున్నారు.

పోటీ రోజు న్యాయనిర్ణేత ఒక పెద్దావిడ. పిల్లలతో పాటు తనూ నేల మీద మోకాళ్లూని జాడీ చూసింది. హజీకా కూడా వంగి చూసింది. తర్వాత వెనక్కి తిరిగి, గోడకి చేరబడ్డ మాస్టారి మొహం చూసి, "నలభై నాలుగు" అంది. అసలు ఉన్నది నలభై రెండు. ఆ ఒక్క మాటతో మొదటి విడతలోనే మా పేరు కొట్టేశారు. సీటు పోయింది.

"వాళ్ల జాడీలే నాసిరకం" అని వ్యానులో మాస్టారు తేల్చేసి, కాలు చాపుకుని గుర్రు పెట్టారు. ఆ గుర్రు వింటుంటే నాకు ఒళ్లు మండిపోయింది. మనిషి కాదు, ఉత్త డొల్ల.

హజీకా నా పక్కన కూర్చుంది.

"నాకు నలభై రెండే కనపడిందక్కా."

"మరి అట్లా చెప్పావేమే పిచ్చిదానా?"

"మాస్టారు వెనకాలే ఉన్నారు కదా. ఎంతంటే ఒప్పుకుంటారో అంత చెప్పడం అలవాటైపోయింది. రోజూ రెండు కలిపేదాన్ని."

మళ్లీ ఆ పిల్లే అడిగింది.

"ఆ రోజు నీకెంత కనపడింది అక్కా?"

"నేను వంగి చూడలేదమ్మా."

ఆయనకైతే మోకాలు చిరిగింది. నా మోకాళ్లకి ఏ జబ్బూ లేదు.